మూడేళ్ళు కట్టిన కాసుల స్కార్ఫ్‌కి నా రివ్యూ, బెల్లీ డాన్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం

బెల్లీ డాన్స్ క్లాసులో చేరినవాళ్ళు మొదటి వారంలో కొనే వస్తువు ఒకటే, తుంటికి కట్టుకునే ఆ గలగలలాడే కాసుల స్కార్ఫ్. నేనూ అంతే. ఫీజు కట్టిన రాత్రే ఫోన్‌లో ఆర్డర్ పెట్టేశాను. మెరూన్ రంగు షిఫాన్, మూడు వరసల్లో బంగారు రంగు రేకు బిళ్ళలు, 449 రూపాయలు. మూడో రోజుకి కొండాపూర్‌లో మా గుమ్మం ముందుంది. అప్పుడు అమ్మ గుడివాడ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. నేను కవర్ విప్పుతుంటే ఆ చప్పుడుకి వంటింట్లోంచి తొంగి చూసి, "ఏంటే ఆ చిల్లర, హుండీ గానీ పగలగొట్టావా?" అంది. కట్టుకుని చూపిస్తే రెండు క్షణాలు చూసి, "కాసులపేరు మెళ్ళో వేసుకుంటారు గానీ అక్కడ కాదు" అనేసి పొయ్యి మీద పప్పు చూసుకోడానికి వెళ్ళిపోయింది.

మూడేళ్ళు వాడాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. వారం వాడి అయిదు చుక్కలు ఇచ్చేవాళ్ళు ఈ స్కార్ఫుల కింద బోలెడుమంది ఉన్నారు, నేను కూడా అప్పట్లో ఇచ్చాను, అది తప్పు.

ముందు వస్తువు సంగతి చెప్తా. నా స్కార్ఫ్‌లో వరస మొత్తం ఒకే దారం మీద కుట్టేశారు, బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ముడి లేదు. ఒక చోట తెగిందంటే పక్కన ఉన్న నాలుగూ జారి వచ్చేస్తాయి. రెండో నెలలో మొదటిది పడింది, ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశాను. ఒకటి వాషింగ్ మెషీన్ ఫిల్టర్‌లో దొరికింది, రెండు సోఫా కింద, ఇంకొకటి మా పాప నోట్లో పెట్టుకోబోతుంటే లాక్కున్నాను. అప్పుడు దానికి ఏడాదిన్నర. ఇంట్లో చంటిపిల్లలుంటే కట్టుకోడమూ విప్పడమూ తలుపు వేసిన గదిలోనే పెట్టుకోండి, అయ్యాక నేల ఒకసారి ఊడవండి, ఇది మాత్రం సరదాకి చెప్పట్లేదు. బిళ్ళ పల్చటి రేకు, అంచు గరుగ్గా ఉంటుంది, లెగ్గింగ్స్ దారాలు లాగేస్తుంది. చర్మానికి నేరుగా తగిలితే ఇంకో గొడవ. ఇలాంటి చౌక లోహాల్లో నికెల్ కలిసే అవకాశం ఎక్కువ, అది పడనివాళ్ళకి చెమట తోడైతే దురద, దద్దుర్లు. నాకు బొడ్డు కింద ఎర్రగా పట్టీలాగా వచ్చింది, స్కిన్ డాక్టర్ చూసి "ఇమిటేషన్ వడ్డాణం పెట్టుకున్నారా అమ్మా?" అని అడిగాడు. అలాంటిదేనండీ అన్నాను. బిళ్ళల వెనకవైపు రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే కొంత నయం, అంచులూ కాస్త నునుపెక్కుతాయి. ఆ మోతకి కింది ఫ్లాటువాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయను.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. నాకు అసలు ఇబ్బంది ఆ చప్పుడుతోనే.

చిన్నప్పుడు ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. మా మాస్టారు చాలాకాలం గజ్జెలు ముట్టుకోనివ్వలేదు. వట్టి కాళ్ళతోనే అడుగులు, ఆయన కర్రతో చెక్క మీద కొట్టే దెబ్బకి. కాలికి తాళం వచ్చిందని ఆయనకి నమ్మకం కుదిరాకే గజ్జెపూజ. గజ్జె కట్టాక తప్పు చేస్తే ఊరందరికీ వినపడుతుంది, అందుకని ముందు తప్పు పోవాలి, చప్పుడు తర్వాత. ఇక్కడ అంతా తలకిందులు. మొదటి రోజే నడుముకి వంద బిళ్ళలు కట్టేసుకుని ఊగిపోతాం. పైగా ఈ బిళ్ళలు గజ్జెల్లా తప్పుని పట్టివ్వవు, తప్పుకి కూడా చప్పట్లు కొడతాయి. సరిగ్గా చేసినా గలగలే, పిరుదులు బిగబట్టుకుని ఒళ్ళంతా జ్వరమొచ్చినదానిలా వణికించినా గలగలే. గలగల వినపడుతోంది కదా, షిమ్మీ (తుంటిని ఆపకుండా గబగబా కుడీ ఎడమా ఆడించడం) వచ్చేసిందని నేను ఎనిమిది నెలలు అనుకున్నాను.

క్లాసులో చేరిన ఏడాదే శీతాకాలంలో కైరో వెళ్ళాం, ఏడు రోజులు. మా ఆయన పిరమిడ్ల కోసం, నేను దీనికోసం. దొక్కీ ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పే పెద్దావిడ దగ్గర మూడు క్లాసులు మాట్లాడుకున్నాను, ఒకప్పుడు స్టేజీ మీద ఆడినావిడ, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో కూర్చునే చెప్తుంది. నేను గొప్పగా నా మెరూన్ స్కార్ఫ్ కట్టుకుని నిలబడ్డాను. పాట పెట్టింది, అర నిమిషం చూసింది, ఆపేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ అన్నది తెలుగులో చెప్పాలంటే, "హబీబ్తీ (నా బంగారం అన్నట్టు), నీ డబ్బులు వినపడుతున్నాయి, నువ్వు వినపడట్లేదు. తీసేయ్." ఆవిడే లేచి తలుపు వెనక తగిలించి ఉన్న నూలు స్కార్ఫ్ తెచ్చి, మూలగా మడిచి, నా తుంటి ఎముకల మీద గట్టిగా బిగించి పక్కన ముడేసింది. మళ్ళీ చెయ్యమంది. చేశాను. నిశ్శబ్దం. అద్దంలో చూస్తే కుడి తుంటి ఆడుతోంది, ఎడమది దాని వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. ఎనిమిది నెలలుగా అలాగే ఉందన్నమాట.

ఆవిడ చూపించిన పద్ధతి రాస్తున్నాను, ఇది డబ్బు పెట్టి కొనుక్కున్న జ్ఞానం. పాదాలు సమాంతరంగా, మధ్యలో జానెడు ఎడం. మోకాళ్ళు కాస్త వదులు. ఒక మోకాలు తిన్నగా అవుతుంటే రెండోది వంగాలి, అంతే, తుంటిని మీరు కదపొద్దు, అదే కదులుతుంది. పిరుదులు బిగిస్తే ఆగిపోతుంది. ముందు గడియారం ముల్లంత నెమ్మదిగా, టిక్ అంటే కుడి, టక్ అంటే ఎడమ, అలా అయిదు నిమిషాలు. వేగం దానంతట అది వస్తుంది. కూచిపూడి, భరతనాట్యం చేసినవాళ్ళకి ఒక హెచ్చరిక: మన అరమండిలో, అంటే మోకాళ్ళు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, మోకాళ్ళు బయటికి తిరుగుతాయి, పాదం నేలని కొడుతుంది. నాకు ఆ అలవాటు ఇరవై ఏళ్ళైనా పోలేదు. "నేల నీకేం చేసింది, ఎందుకు కొడుతున్నావ్?" అని అడిగింది ఆవిడ.

కాసుల స్కార్ఫ్‌తో ఇంకో తిరకాసు కూడా అక్కడే అర్థమైంది. ఈజిప్టు పాటల్లో ఎక్కువగా వినపడే మక్సూమ్ తాళం ఇలా ఉంటుంది: దుమ్ తెక్, తెక్ దుమ్, తెక్. దుమ్ అంటే తబ్లా మధ్యలో పడే లావు దెబ్బ, తెక్ అంచున పడేది. వాళ్ళు తబ్లా అనేది మన తబలా కాదు, సన్న నడుము గ్లాసు ఆకారంలో ఒకవైపే వాయించే డోలు. దుమ్‌కి తుంటి దించి ఠక్కున ఆపాలి. మీరు ఆపుతారు, బిళ్ళలు ఆగవు, అర క్షణం ఇంకా ఊగుతూ మోగుతూనే ఉంటాయి. అంటే ఆపడం అనే సగం విద్య ఆ మోతలో కలిసిపోతుంది. ఈజిప్టులో ఒకప్పటి పేరున్న నర్తకి తహియా కరియోకా పాత నలుపు తెలుపు సినిమాల్లోవి కొన్ని నృత్యాలు చూశాను, ఆవిడ దాదాపు నిలబడ్డచోటే ఉంటుంది, అంగుళం కదిలితే ఎక్కువ, ఆగినప్పుడు చూసేవాళ్ళకి ఊపిరి ఆగుతుంది. ఆవిడ నడుము మీద చిల్లర మోత నాకు ఎక్కడా వినపడలేదు.

నాణేలు ఒంటి మీద పెట్టుకోవడం కొత్తేం కాదు, అల్జీరియాలో ఔలద్ నాయిల్ అనే తెగ ఆడవాళ్ళు నాట్యం చేసి సంపాదించిన నిజం నాణేలనే హారాలుగా, తలమీద నగలుగా పెట్టుకునేవాళ్ళు. బ్యాంకు ఒంటి మీదే అన్నమాట. అమ్మ అన్న కాసులపేరు మాట అంత తప్పేం కాదు, మనవాళ్ళు మాత్రం తక్కువ చేశారా! వాళ్ళవి నిజం నాణేలు, నాది 449 రూపాయల రేకు, తేడా అదే.

కాబట్టి కొత్తవాళ్ళకి నా మాట: మొదటి ఆరు నెలలు ఏమీ కొనకండి. ఇంట్లో పాత నూలు చున్నీ ఉంటుంది కదా, కాస్త బరువున్నది, జారేది కాదు, దాన్ని మూలగా మడిచి కట్టండి. వడ్డాణం పెట్టుకునే చోట కాదు, ఇంకా కిందికి, తుంటి ఎముకలు చేతికి తగిలే చోట. ముడి పక్కకి. ఒంటికి అతుక్కునే టీషర్టు వేసుకోండి, వదులు కుర్తా వేసుకుంటే ఏం చేస్తున్నారో మీకే కనపడదు. పొట్ట ఉందని సిగ్గుపడి దాచుకునేవాళ్ళు చాలామంది, నేనూ సిజేరియన్ అయ్యాక ఆరు నెలలు అలాగే దాచాను (డాక్టర్ సరే అన్నాకే చేరాను, మీరూ అడిగే చేరండి). కైరోలో ఆవిడ నా పొట్ట చూసి, "మంచిది, కనపడేంత ఉంది" అంది. నా జీవితంలో ఎవరూ నాకు ఇవ్వని మెచ్చుకోలు అది.

నేల గురించి ఎవరూ చెప్పరు. మన ఫ్లాట్లలో టైల్స్ రాయిలా ఉంటాయి, గంట వట్టి కాళ్ళతో ఆడితే మడమలు లాగుతాయి. అందుకని యోగా మ్యాట్ వేసుకుంటాం, అది ఇంకా తప్పు, మ్యాట్ పాదాన్ని పట్టేస్తుంది, మీరు తిరుగుతారు, పాదం తిరగదు, ఆ మెలి అంతా మోకాలికి వెళ్తుంది. పల్చటి పాత జంపఖానా వేసి అంచులు సోఫా కాళ్ళ కింద నొక్కిపెట్టండి, లేదా ముందరి పాదానికి మాత్రమే తొడుక్కునే తోలు డాన్స్ షూస్ దొరుకుతాయి, నావి 700 పడ్డాయి, అవి మాత్రం దండగ కాదు. నడుం నొప్పి వస్తోందంటే చాలాసార్లు కారణం వెనక్కి వంపు పెట్టి నిలబడటం. ఫోటోల్లో అలా ఉంటే అందంగా ఉంటుందని అందరం చేస్తాం. తోక ఎముక నేలవైపు చూడాలి. అయినా నొప్పి తగ్గకపోతే ఫిజియో దగ్గరికి వెళ్ళండి, యూట్యూబ్ దగ్గరికి కాదు.

తిండి: క్లాసు ఏడింటికైతే నాలుగున్నరకో అయిదుకో ఉప్మానో రెండు ఇడ్లీలో తినేయండి. కడుపు నిండా పప్పన్నం పెరుగన్నం తిని పొట్టతో అలలు తిప్పడం నేను ఒకసారి చేశాను, వివరాలు వద్దు.

ఇప్పుడు ఖర్చు పెట్టదగ్గ వస్తువు దగ్గరికి వస్తాను. కైరోలో ఖాన్ ఎల్ ఖలీలీ బజారు, అల్ అజ్హర్ మసీదుకి రోడ్డు దాటితే చాలు, పద్నాలుగో శతాబ్దం నాటిది. మన చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌కి అలవాటు పడ్డవాళ్ళకి కొత్తగా అనిపించదు, అదే తోపులాట, అవే పిలుపులు. సందుల్లో కిందే వేలాడే మెరుపు డ్రెస్సులు టూరిస్టుల కోసం, నా స్కార్ఫ్‌కి అక్కచెల్లెళ్ళు అక్కడ వందల్లో కనపడ్డాయి. నిజంగా స్టేజీ మీద కట్టేవి పై అంతస్తుల్లో. నేను వెళ్ళిన షాపుకి ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత సన్న మెట్లు, పైన రెండు గదులు, గోడ నిండా బెద్లాలు. బెద్లా అంటే అరబిక్‌లో సూటు అని అర్థం, పూసల బ్రా, బెల్టు, పొడుగు లంగా కలిపి. ఈ రెండు ముక్కల వేషం జనంలోకి బాగా వెళ్ళింది 1926లో బదియా మసాబ్ని అనే నర్తకి కైరోలో తన క్లబ్బు తెరిచాక. తహియా కరియోకా, సామియా గమాల్ అనే ఇంకో నర్తకి, ఇద్దరూ అక్కడ ఆడి పైకొచ్చినవాళ్ళే. పొట్ట మీద పల్చటి వల గుడ్డ ఎందుకని అడిగితే షాపాయన నవ్వి, ఈజిప్టులో స్టేజీ మీద నడుము వట్టిగా కనపడకూడదు, మీకు వద్దంటే విప్పేస్తా అన్నాడు. నేను ఉంచమన్నాను, సిజేరియన్ గీత మీదికి బాగా వచ్చింది.

సేవ విషయంలో ఆ షాపుకి నూటికి తొంభై. కుర్చీ వేశారు, కర్కదే ఇచ్చారు, అది ఎర్రటి పుల్లటి షర్బత్, మన గోంగూర జాతి మొక్క పువ్వు అడుగున ఉండే ఎర్రటి దళసరి రేకులతోనే చేస్తారట, ఆ పులుపు తెలిసిన పులుపే అనిపించింది. మొదట 400 డాలర్లు అన్నాడు. రెండు గ్లాసుల తర్వాత, మా ఆయన రెండుసార్లు మెట్లు దిగి ఎక్కిన తర్వాత, 290కి ఒప్పుకున్నాడు. కొలతలు ఒక పెద్దావిడ తీసింది, బ్రా కప్పు నా సైజుకి మార్చి రెండు రోజుల్లో ఇస్తామన్నారు, ఇచ్చారు. బ్రాతో తొందర పడకండి, మొత్తం డబ్బు అక్కడే ఉంది. చేతులు రెండూ పైకెత్తండి, కింది పట్టీ పక్కటెముకల మీంచి లేస్తోందా చూడండి. ముందుకి వంగండి. కూర్చోండి, బెల్టు పొట్టలో గుచ్చుతోందా. ఆ షాపులోనే సిగ్గు విడిచి రెండు నిమిషాలు షిమ్మీ చెయ్యండి, వాళ్ళకి అలవాటే, ఎవరూ తల తిప్పరు. తర్వాత పూసల కుచ్చు మీద అరచేత్తో గట్టిగా ఒకసారి రాయండి, రెండు మూడు పూసలు చేతికొస్తే వద్దనండి. మిగులు పూసలు చిన్న పొట్లం అడిగి తీసుకోండి, అడిగితే ఇస్తారు.

మిగిలిన పది మార్కులు ఎందుకు కోశానంటే లంగా. నడుం దగ్గర ఒకే ఒక్క హుక్కు, అదీ చీర జాకెట్‌కి వేసేంత చిన్నది. కుచ్చుల బరువుకి అది చాలదని నాకు అక్కడ తట్టలేదు. ఆఫీసు యాన్యువల్ డే నాడు, రెండో పాటలో, ఎడమవైపు తిరిగేసరికి టప్ మంది. బెల్టు పైన ఉంది కాబట్టి పరువు దక్కింది. మిగతా పాటంతా ఎడమచేయి తుంటి మీద పెట్టుకునే ఆడాను, అందరూ అదొక భంగిమ అనుకున్నారు, మా మేనేజర్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు కూడా. ఇంటికొచ్చాక మా వీధి టైలర్ దగ్గర పెద్ద ప్యాంటు హుక్కులు మూడు వేయించాను, అరవై రూపాయలు. మీరు ఎక్కడ కొన్నా ముందు ఆ పని చేయించండి, పిన్నీసులు నమ్మకండి.

బెద్లాని ఉతక్కూడదు, పూసల రంగు దిగుతుంది, జిగురు ఊడుతుంది. ఆడిన రాత్రే తిరగేసి ఫ్యాను కింద పరిచి, లోపలి గుడ్డ మీద సగం నీళ్ళు సగం వోడ్కా కలిపి స్ప్రే చెయ్యాలి, ముందు కనపడని మూల ఒక చుక్క వేసి చూసుకుని. వాసన నిజంగా పోతుంది. ఇంట్లో వోడ్కా సీసా ఎందుకుందో అమ్మకి చెప్పడం మాత్రం బెద్లా గురించి చెప్పడం కన్నా కష్టమైంది. హ్యాంగర్‌కి తగిలిస్తే కుచ్చుల బరువుకి పట్టీలు సాగుతాయి. నూలు దిండు గలీబులో పెట్టి బీరువాలో పడుకోబెట్టండి.

అక్కడే ఇంకో రెండు కొన్నాను. సగాత్, అంటే వేళ్ళకి పెట్టుకునే చిన్న ఇత్తడి తాళాలు, చేతికి రెండు, బొటనవేలికొకటి మధ్యవేలికొకటి. అద్భుతంగా ఉన్నాయి, మోత అంటే ఇదీ, మీరు కొడితేనే మోగుతుంది. కొనేముందు ఒక్కొక్కటీ వేలికి వేలాడదీసి కొట్టి వినండి, గంటలా సాగితే మంచిది, గిన్నె మూతలా వినపడితే వద్దు. ఎలాస్టిక్ గోటి మొదలు దగ్గర బిగుతుగా ఉండాలి. వెయిల్, అంటే చేతుల్లో పట్టుకుని గాల్లో తిప్పే పొడుగాటి పట్టు గుడ్డ, అక్కడ కొన్నది పాలిస్టర్ అని ఇంటికొచ్చాక తెలిసింది. కొత్తవాళ్ళు దానికోసం డబ్బు తగలేయకండి, మూడు గజాల పల్చటి పట్టు ముక్క మన బట్టల షాపుల్లోనే దొరుకుతుంది, అంచు కుట్టించుకుంటే సరి.

మళ్ళీ మెరూన్ స్కార్ఫ్ దగ్గరికి. పారేశానా అంటే లేదు. కైరో నుంచి వచ్చిన నాలుగు నెలల తర్వాత ఒక రోజు తీసి కట్టుకున్నాను, ఫోన్ స్టూలు మీద బోర్లా పెట్టి, వీడియో కాదు, ఆడియో రికార్డింగ్ ఆన్ చేసి రెండు నిమిషాలు షిమ్మీ చేశాను. తర్వాత కళ్ళు మూసుకుని విన్నాను. కుడి ఎడమ సమానంగా పడితే చినుకుల్లా ఒకే ధారగా వినపడుతుంది, ఒక పక్క వెనకబడితే కుంటి గుర్రం నడిచినట్టు. నాది ముప్ఫై సెకన్ల దాకా చినుకులు, తర్వాత గుర్రం. ఇప్పుడు వారానికోసారి ఈ పరీక్ష పెట్టుకుంటున్నాను, పోయిన ఆదివారం నిమిషం పది సెకన్లు దాటింది. ఈ పనికి మాత్రం ఇంతకన్నా చవకైన మాస్టారు దొరకడు.

అందుకని నా చుక్కలు: కొత్తగా చేరినవాళ్ళకి అయిదుకి ఒకటి, షిమ్మీ వచ్చినవాళ్ళకి నాలుగు. కొనేటప్పుడు బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ముడి ఉందో లేదో ఫోటో పెద్దది చేసి చూడండి, ముడి కనపడకపోతే వచ్చిన రోజే గట్టి దారంతో నాలుగేసి బిళ్ళలకొక ముడి మీరే వేసేసుకోండి, టీవీ చూస్తూ గంటన్నర పని. ఫ్రీ సైజు అని రాస్తారు, నమ్మొద్దు, కట్టు తాళ్ళతో కలిపి మొత్తం పొడవెంతో అడగండి. నా తుంటి కొలత 42 అంగుళాలు, ముడి వేశాక మిగిలింది బెత్తెడు.